పాచి మాస్టారి జనరల్ కోర్సు

ఆ రోజు పొద్దున్న గడుగ్గాయి కాళ్లు నేల మీద నిలవలేదు. హాస్టల్లో తలుపులన్నీ దబదబా బాదింది, నిద్ర కళ్లతో బయటికొచ్చినవాళ్లని చేతులు పట్టుకుని బతిమాలింది, కదలని వాళ్ల దుప్పట్లు లాగేసింది. "లేవండే తల్లుల్లారా! ఇలాంటిది మళ్లీ జన్మలో చూడరు. నచ్చకపోతే నన్ను తిట్టండి!" అని ఒకటే గోల. ఇంతకీ ఏం చూపిస్తారో చెప్పవే అని అడిగితే మాత్రం నీళ్లు నమిలింది. ఆమెకు తెలిస్తేగా చెప్పడానికి!

సంగతేమిటంటే, ఆ యూనివర్సిటీలో ఎవరేం చదువుతున్నా సరే, డిగ్రీ చేతికి రావాలంటే తమది కాని చదువు కొంత చదివి తీరాలి. కంప్యూటర్లవాళ్లకి ఒక జీవశాస్త్రం కోర్సు, చరిత్రవాళ్లకి ఒక లెక్కల కోర్సు, ఇలాగన్నమాట. వీటిని జనరల్ కోర్సులంటారు. మనిషన్నాక నాలుగు విషయాలు తెలియాలని పెద్దలు చేసిన ఏర్పాటు. పిల్లలేమో ఎందులో శ్రమ తక్కువ, మార్కులు ఎక్కువ అని ఆరా తీసి, అందులో దూరి, హమ్మయ్య గొడవ వదిలిందనుకునేవాళ్లు. మొదటి వారమంతా ఎవరైనా ఏ క్లాసులోనైనా కూర్చుని చూడొచ్చు. దానికి రుచి చూసే వారమని పేరు. ఆ వారం ఆఖరి రోజున ఆఫీసు సూపరింటెండెంటు గారు స్వయంగా గది గదికీ వచ్చి చూస్తారు. సగమైనా నిండకపోతే ఆ కోర్సు అంతటితో సరి.

నిండని గదుల్లో మొట్టమొదటిది గడుగ్గాయి మామయ్యది. అమ్మకు సొంత తమ్ముడాయన. ఈ పిల్ల అల్లరి భరించలేక చిన్నప్పుడు గడుగ్గాయని పేరు పెట్టిందీ ఆయనే. గోడల మీద, రాళ్ల మీద పెరిగే నాచు గురించి పాఠం చెబుతాడు. ఎవరిక్కావాలండీ నాచు? కుర్రకారు ఆయనకి పాచి మాస్టారని పేరు తగిలించి ఆ ఛాయలకే పోవడం మానేశారు. ఆయన కూడా తక్కువ తినలేదు. పొరపాటున ఎవరైనా తొంగిచూస్తే, "బాబూ, ఇది తేలిక కోర్సు కాదు. వారం వారం ఊరంతా నడవాలి, బొమ్మలు గీయాలి, పరీక్ష గట్టిగా ఉంటుంది. బాగా ఆలోచించుకో," అని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. సరుకు అమ్ముకునేవాడెవడైనా అలా మాట్లాడతాడా? తొంగిచూసినవాడు మళ్లీ కనిపిస్తే ఒట్టు. ఇన్నేళ్లూ ఏదో చూసీ చూడనట్టు ఊరుకున్న ఆఫీసు ఈసారి ఊరుకోలేదు. గది నిండకపోతే కోర్సు తీసేసి, మాస్టారిని పరీక్షల విభాగంలో జవాబు పత్రాల కట్టలు కట్టే పనికి వేస్తామని తేల్చి చెప్పేసింది.

ఈ మాట గడుగ్గాయికి అమ్మే ఫోనులో చెప్పింది. "వాడికి పాఠం చెప్పడం తప్ప ఇంకేం తెలుసే? ఆ కట్టల మధ్య కూర్చోబెడితే మనిషి మిగలడు," అంది. గడుగ్గాయికి తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే, యూనివర్సిటీలో చేరిన దగ్గర్నుంచీ పాచి మాస్టారు తన మామయ్యని ఒక్కరితోనూ అనలేదు మహాతల్లి. స్నేహితులు ఆయన మీద జోకులేస్తే తనూ నవ్వేసేది. తనకు కావలసిన జీవశాస్త్రం కోర్సుకి కూడా ఆయన గడప తొక్కకుండా, ఆహారం - ఆరోగ్యం అనే కోర్సులో పేరిచ్చి వచ్చింది. అందులో పరీక్ష ఉండీ లేనట్టే ఉంటుందని ప్రతీతి.

ఫోను పెట్టేసి మామయ్య దగ్గరికి ఒకటే పరుగు. ఆయన తాపీగా కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆఖరి రోజు క్లాసులో ఒక తమాషా చూపిస్తాలే. సెలవుల్నుంచీ తయారు చేస్తున్నా," అన్నాడు.

"ఏం తమాషా మామయ్యా?"

"ముందే చెప్పేస్తే ఇంక తమాషా ఏముంటుందే? పదిమందిని తీసుకురా, చాలు."

పదిమందా! గడుగ్గాయి తలుచుకుంటే ఊరు ఊరంతా కదలాల్సిందే. అందుకే ఆ పొద్దున్న అంత హడావుడి. హాస్టలు లేపడం అయ్యాక, మిగిలినవాళ్లని క్యాంటీన్లో పట్టుకుందామని బయల్దేరి, దారిలో మామయ్య క్లాసులో కుర్చీలు సర్దిపోదామని ఆగింది. తాళంచెవి ఆయనే ఇచ్చాడు. లోపలికెళ్లి చూస్తే కిటికీ పక్క బల్ల నిండా వెడల్పాటి పళ్లేలు. పళ్లేల నిండా నాచు. ఆ నాచు చూడగానే ఆమె గుండె తరుక్కుపోయింది. నల్లగా, మొద్దుగా, గిన్నెలో అడుగంటిన మాడులా ఉంది. వేలు పెడితే పొడి రాలుతోంది.

"అయ్యయ్యో, పాపం మామయ్య!" అనుకుంది. ఎంత బెంగ పెట్టుకోకపోతే కన్నబిడ్డల్లా చూసుకునేవాటికి నీళ్లు పోయడం మరిచిపోతాడు? కళ్లు తుడుచుకుని, మూలనున్న కుళాయి దగ్గర మగ్గు నింపుకొచ్చి, ఒక్క పళ్లెం వదలకుండా అన్నిట్లోనూ పోసేసింది. మామయ్యకి ఈ మాత్రం సాయమైనా చేశాను కదా అని గుండెనిండా ఊపిరి పీల్చుకుని, వెనక్కి తిరిగి చూడకుండా క్యాంటీన్‌కి పరిగెత్తింది.

అరగంటలో ఆ గది ఎలా మారిపోయిందనుకున్నారు! హాస్టలు పిల్లలొచ్చారు, వాలీబాల్ ఆడేవాళ్లొచ్చారు, క్యాంటీన్లో టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా వచ్చారు. కుర్చీలు చాలక కొందరు కిటికీలెక్కారు. ఏం చూపిస్తారట, ఏమోనట అని చెవులు కొరుక్కుంటున్నారు. ఈ సందడి చూసి గడుగ్గాయి పట్టరాని సంతోషంతో జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లింది. మామయ్య కిటికీ పక్క బల్ల దగ్గర కొయ్యబారి నిలబడి ఉన్నాడు. పళ్లేల్లో నాచు నిగనిగలాడుతూ, లేత పచ్చగా, పరుపులా పరుచుకుని ఉంది.

"చూశావా మామయ్యా, బతికించేశాను!" అంది గడుగ్గాయి ఆయన చెవి దగ్గర చేరి.

"నువ్వా నీళ్లు పోసింది?"

"నేనే! ఎండిపోయింది పాపం. నువ్వు చూసుకోలేదు."

మామయ్య గొంతు తగ్గించాడు. "అది ఎండిపోలేదే. నేనే ఎండబెట్టాను, సెలవులన్నీ కూర్చుని. వీళ్లందరి ముందూ నీళ్లు చల్లి, అది లేచి పచ్చబడటం చూపిద్దామని."

గడుగ్గాయి పళ్లేల వైపు తిరిగింది. "మళ్లీ... మళ్లీ ఎండబెడితే?"

"వారాలు పడుతుంది." ఆయన మేనకోడలి ముఖం చూశాడు, తిట్టలేదు సరికదా, నవ్వాడు కూడా. "చచ్చిపోయిందని జాలిపడ్డావన్నమాట. పోనీలే, మంచిదే." రెండు లెంపకాయలు కొట్టినా బావుండేది. ఆ మాటకి పిల్లకి ఏడుపొక్కటే తక్కువ.

ఆయన బోర్డు దగ్గరికెళ్లి, దాచిపెట్టడం చేతకాని మనిషి కాబట్టి, చల్లగా చెప్పేశాడు. "ఇవాళ మీకు చూపించాలనుకున్నది చూపించలేను. క్షమించాలి. ఇక కోర్సు సంగతంటారా, ఇది తేలిక కాదు. నడవాలి, గీయాలి, పరీక్ష గట్టిగా..."

కుర్చీలు కిర్రుమన్నాయి. గ్లాసులతో వచ్చినవాళ్లు గ్లాసులతోనే లేచారు. "దీనికోసమా మమ్మల్ని లేపింది?" అని ఎవరో గడుగ్గాయి వైపు చూసి పళ్లు నూరారు. ఆమె మాత్రం మామయ్యనే చూస్తోంది. చిన్నప్పుడు ఆమెను బడికి దిగబెట్టేది ఆయనే. దారిలో ప్రతి గోడ దగ్గరా ఆగి, "ఇది చూడవే, ఇది చూడు," అనేవాడు. బడికి ఆలస్యమవుతోందని ఆమె చెయ్యి పట్టుకు లాగేది. ఒకసారైతే ఆమె మంచినీళ్ల సీసా మూత తీసి, ఉన్న నీళ్లన్నీ ఒక నల్లటి గోడ మీద పోసేశాడు. నా నీళ్లు గోడకి పోసేశాడని ఊరు దద్దరిల్లేలా ఏడ్చింది. ఆ ఏడుపులో గోడ వైపు చూడనే లేదు.

ఆ నల్లటి గోడ ఇప్పుడు కళ్లముందు ఆడింది. దానితోపాటే సైకిల్ స్టాండు వెనక ప్రహరీ గోడ. రోజూ దానికి సైకిలు ఆనిస్తుంది, చొక్కాకి నల్లటి పొడి అంటితే తిట్టుకుంటూ దులుపుకుంటుంది. పళ్లేల్లో ఉన్నదీ అచ్చం అలాంటిదే కదా!

"ఆగండి!" అని గడుగ్గాయి పెట్టిన కేకకి గది గదంతా ఉలిక్కిపడింది. "ఎవరి దగ్గర మంచినీళ్ల సీసా ఉన్నా పట్టుకుని కిందికి రండి!" ఆ వెంటనే మామయ్య చెవిలో గుసగుసలాడింది. "సైకిల్ స్టాండు గోడ మామయ్యా! నువ్వు బడి దారిలో నా సీసా ఒంపేసిన గోడ లాంటిదే!"

మామయ్య ఒక్క క్షణం అర్థంకాక చూశాడు. అర్థమయ్యాక ఆయన మెట్లు దిగిన వేగానికి వాలీబాల్ వాళ్లే నోళ్లు వెళ్లబెట్టారు.

వానలు పడి చాలా కాలమైంది. ఆ గోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా మసి పూసినట్టుంది. "ముందు ముట్టుకోండి," అన్నాడు మామయ్య రొప్పుతూ. ముట్టుకున్నారు. "చెప్పండి, ఇది బతికుందా, చచ్చిందా?"

"చచ్చింది సార్!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు.

"అయితే పొయ్యండి నీళ్లు."

పోశారు. గోడ తడిసింది, అంతే. ఎవరో కిసుక్కున నవ్వారు. గడుగ్గాయి ఊపిరి బిగబట్టి, ముక్కు గోడకి ఆనేంత దగ్గరగా చూస్తోంది. నల్లటి మసిలో ఏదో మెలిక వీడింది. పక్కన ఇంకొకటి. ముడుచుకున్న చిన్న చిన్న ఆకులు ఒళ్లు విరుచుకుంటున్నాయి.

"కదులుతోందర్రా! బాబోయ్, కదులుతోంది!"

అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. నల్లది గోధుమరంగైంది, గోధుమరంగు పసుపైంది, చూస్తూ చూస్తూ ఉండగానే పచ్చగా అయిపోయింది. ఇంక చూడండి సంబరం! సీసాలు ఖాళీ అయ్యాయి, కుళాయి దగ్గర తోపులాట మొదలైంది, టీ గ్లాసులు కడిగి మరీ నీళ్లు మోశారు. ఒకమ్మాయి తడి వేలితో గోడ మీద ఇంకా తడవని చోట తన పేరు రాసింది. కాసేపటికి ఆ పేరు పచ్చటి అక్షరాలై తేలింది. దాంతో అందరికీ తమ పేర్లూ రాసుకోవాలనిపించింది. మామయ్య చేతులు ఊపుతూ ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాడు. "దీనికి నీళ్లు తాగే వేళ్లు లేవు, ఆకులతోనే తాగేస్తుంది! నీళ్లు లేకపోతే చావదు, ఆగుతుంది. నెలల తరబడి అలా ఆగే ఉంటుంది!" ప్రశ్న మీద ప్రశ్న వస్తోంది. ఇన్ని ప్రశ్నలు ఆయన జీవితంలో వినలేదు.

అప్పుడు గడుగ్గాయి ఎందుకో తలెత్తి చూసింది. పైన క్లాసు కిటికీలో సూపరింటెండెంటు గారు! ఖాళీ గదిలో ఒంటరిగా నిలబడి జేబులోంచి కలం తీస్తున్నారు.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. "సార్, సార్, ఒక్క నిమిషం! అందరూ కిందున్నారు!"

"గదిలో ఉన్నవాళ్లనే చూడాలమ్మాయీ. రూలు రూలే," అన్నారాయన. మనిషి చెడ్డవాడు కాదు గానీ, రూలు దగ్గర మాత్రం రాయి.

గడుగ్గాయి కిటికీలోంచి సగం వంగి, గొంతు చించుకుని అరిచింది. "అందరూ పైకి రండి! కోర్సు పోతోంది!"

వచ్చారు చూడండి! మెట్లు అదిరిపోయాయి. తడి చెప్పులతో, పచ్చటి వేళ్లతో, నవ్వుతూ, ఒకరినొకరు తోసుకుంటూ గదిలో పడ్డారు. సూపరింటెండెంటు గారు గోడకి అతుక్కుపోయి, "కోర్సు తీసుకునేవాళ్లే కూర్చోండి. చూడ్డానికొచ్చినవాళ్లు బయటికెళ్లండి," అన్నారు. కొందరు వెళ్లారు. మిగిలినవాళ్లు కూర్చుంటే ఖాళీ కుర్చీ వెతుక్కోవాల్సి వచ్చింది.

వెనకాలే ఆయాసపడుతూ వచ్చిన మామయ్య గుమ్మంలోంచే, "బాబూ, బాగా ఆలోచించుకోండి, పరీక్ష గట్టిగా ఉంటుంది," అన్నాడు.

"మాస్టారూ, మీరు కాసేపు నోరు మూసుకుంటారా!" అని సూపరింటెండెంటు గారు కసిరారు. గది గొల్లుమంది.

మామయ్య వింటేగా! "ఇంకొక్క మాట సార్. కిటికీ దగ్గరున్న ఆ అమ్మాయిని లెక్కలోకి తీసుకోకండి. నా మేనకోడలు. సాయానికొచ్చింది, అంతే. ఆమెకి వేరే కోర్సుంది."

అందరి తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. "పాచి మాస్టారు మీ మామయ్యా? ఎప్పుడూ చెప్పలేదేమే?" అంది హాస్టల్లో పక్క మంచం పిల్ల.

గడుగ్గాయి చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి నవ్వేసి తప్పించుకోలేదు. మొదటి వరసలో ఉన్న కుర్చీ లాక్కుని, మామయ్యకి ఎదురుగా కూర్చుంది. "అవును, నా సొంత మామయ్య. ఆ కోర్సు వదిలేస్తున్నాను. నన్నూ లెక్కపెట్టండి సార్."

మామయ్య కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఏదో అనబోయి, చివరికి ఆయనకి వచ్చిన మాటే అన్నాడు. "వారం వారం నడవాలే. ప్రతి గోడ దగ్గరా ఆగాలి. నీకసలే ఓపిక లేదు."

"చిన్నప్పుడూ నీతో నడిచాగా మామయ్యా. చూడలేదంతే," అంది గడుగ్గాయి. "ఈసారి చూస్తాను."