వేడెక్కితేగానీ పట్టని బ్రేకులు

గడియారాలు బాగుచేసే ఆయనకు ఆ వీధిలో మంచి పేరుండేది. వెంట్రుకవాసి తేడా కూడా ఆయన కన్ను దాటిపోదనేవారు. అలాంటి మనిషి, తన భార్య కారుకు బ్రేకులు కొనడానికి వెళ్లి చేసిన నిర్వాకం ఇది.

కారు ఆమెకు తండ్రి ఇచ్చింది. రెండు తలుపులు, గుండ్రటి దీపాలు, నలభై అయిదేళ్ల వయసు. పొట్టిగా ఉంటుందని ఇంట్లో దాన్ని బుడంకాయ అనేవారు. ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దున ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. ఇల్లు దాటగానే వాలు రోడ్డు, వాలు చివర కూడలి.

ముందు చక్రాల్లో ఏదో కీచుమంటోందని ఆమె అంటే, ఆయన ఆదివారం పూట చక్రం ఊడదీసి తన పనిముట్లతోనే బ్రేకు డిస్కు మందం కొలిచాడు. అంచు మీద చెక్కిన కనీస మందం కంటే అర మిల్లీమీటరు తక్కువుంది. డిస్కును నొక్కి ఆపే ప్యాడ్లు రేకు దాకా అరిగిపోయాయి. కొలతలన్నీ కాగితం మీద రాసుకుని పాత కార్ల సామాన్లమ్మే కొట్టుకు వెళ్లాడు. అంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది.

ఆ కొట్టు నడిపే పెద్దావిడను అందరూ బ్రేకులత్త అంటారు. ఆవిడ కాగితం చూసి ముచ్చటపడింది.

"ఇంత శుభ్రంగా కొలుచుకొచ్చినవాణ్ని ఈ మధ్య చూళ్లేదు బాబూ. నీ బండికి మామూలు డిస్కులు, మెత్తటి ప్యాడ్లు చాలు. తొక్కీ తొక్కగానే పట్టుకుంటాయి" అంటూ రెండు పెట్టెలు బల్ల మీద పెట్టింది.

పక్కన ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. సెలవురోజుల్లో కొండదారిలో చిన్న కార్ల పందేలకు వెళ్లే బాపతు. వాళ్ల చేతుల్లో వరసగా చిల్లులు పొడిచిన, తళతళలాడే డిస్కులున్నాయి. ఒకడు ఈ పెట్టెల వంక చూసి, "మా నానమ్మ బండికి కూడా ఇవే వేయించాను" అన్నాడు. రెండోవాడు, "మీది ఆ మోడలే అయితే మాతో రండి సార్, బాగా లాగుతుంది" అన్నాడు.

ముప్ఫై ఏళ్లుగా ఒక కంటికి భూతద్దం తగిలించుకుని బల్ల వెనక కూర్చున్న మనిషిని పందేనికి రమ్మని పిలిచినవాళ్లు అంతవరకూ లేరు. ఆయనకు ఒళ్లు తేలిపోయినట్టయింది.

"నాకూ అవే ఇవ్వండి. ప్యాడ్లు కూడా పందేలకు వాడేవే" అన్నాడు.

"బండి నడిపేదెవరు?" అని అడిగింది బ్రేకులత్త.

"నేనే. కొండదారిలో. కొంచెం స్పీడుగానే పోతాను."

ఆయన లైసెన్సు గడువు తీరి ఆరేళ్లయింది.

"ఆ గట్టి ప్యాడ్లు బాగా వేడెక్కితేగానీ పట్టవు. పొద్దున్నే చల్లటి బండి తీసి వీధుల్లో తిరిగేవాళ్లకు నేనివ్వను. నీ మాట మీద ఇస్తున్నా."

"తెలుసులే అత్తా" అన్నాడాయన, పక్కవాళ్లకు వినబడేలా.

బిగించాక చక్రాల సందుల్లోంచి మెరుస్తున్న డిస్కులను ఆయన నాలుగైదుసార్లు వంగి చూసుకున్నాడు. మూడో రోజు ఆమె, "ఏమండీ, పొద్దున పెడల్ రాయిలా ఉంటోంది. రెండుసార్లు తొక్కితేగానీ ఆగట్లేదు" అంది. "కొత్తవి కదా, అలవాటవుతుంది" అన్నాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ అదే జవాబు. మూడోసారి చెప్పినప్పుడు, "పూల మీద నడిచినట్టు తొక్కుతావు నువ్వు" అని నవ్వేశాడు.

రెండో వారంలో ఒక చలి పొద్దున వాలు చివర రొట్టెల వ్యాన్ ఆగి ఉంది. బుడంకాయ ఆగలేదు. వ్యాన్ డ్రైవరుకు ఏమీ కాలేదు. ఆమె ఎడమ మణికట్టు ఎముక చిట్లింది.

కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి ఆమె తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"కళ్లు చూపించుకో అక్కా. నీకూ యాభై దాటాయి. నిద్రమత్తులో బ్రేకు లేటుగా తొక్కి ఉంటావు."

"తొక్కాననే అనుకున్నాన్రా. లేటయిందేమో మరి."

"నువ్వేమంటావు బావా?"

బావ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. అలాగే నోరు మూసుకున్నా బాగుండేది. "కంగారు పడి ఉంటుంది" అన్నాడు. ఆ మాట నోటినుంచి ఊడిపడగానే తను ఎంత నీచానికి దిగాడో ఆయనకు తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఆమె కారు తాళం సొరుగులో పడేసి, కట్టు చేతితో బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ, "ల్యాబులో రిపోర్టులు కూడా రెండేసిసార్లు చూసుకుంటున్నానండీ. నా మీద నాకే నమ్మకం పోయింది" అంది.

ఎవరికీ తెలియకుండా ప్యాడ్లు మార్పించేద్దామని మర్నాడు కొట్టుకు వెళ్లాడు.

"కొండదారిలో బాగా పట్టాయా?" అని అడిగింది బ్రేకులత్త.

ఆయన తలొంచుకుని జరిగిందంతా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు.

"నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. అంతసేపు మాట్లాడి ఒక్కసారీ 'నా బండి' అనలేదు నువ్వు. అయినా అమ్మాను. అది నా తప్పు. మిగతాదంతా నీది. ఈసారి నడిపే మనిషిని తీసుకురా, ఆవిడకే ఇస్తా."

ఇంటికి వెళ్లేసరికి బావమరిది వచ్చి ఉన్నాడు. అతను వెళ్లాక చెబుదామనుకున్నాడు గానీ, ఒకసారి వాయిదా వేస్తే ఇక జన్మలో చెప్పలేనని అర్థమై, ఇద్దరి ముందూ నిలబడే చెప్పేశాడు. అబద్ధం, పందెగాళ్లు, బ్రేకులత్త చేసిన హెచ్చరిక, ఏదీ దాచలేదు.

"నేను మూడుసార్లు చెప్పాను" అంది ఆమె.

"చెప్పావు."

"మూడోసారి నవ్వారు."

"నవ్వాను."

"ఎవరి గడియారమో అర నిమిషం తప్పితే నాదే పొరపాటని ఒప్పుకునే మనిషి మీరు. నా దగ్గరికొచ్చేసరికి..." ఆమె మాట పూర్తిచేయకుండా లేచి లోపలికి వెళ్లింది.

"నేనూ నోటికొచ్చినట్టు వాగాను బావా" అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

"నువ్వు తెలియక అన్నావు" అన్నాడాయన.

మర్నాడు ఆమె ఒక్కటే మాట అంది. "ఆ వ్యాన్ డ్రైవరుకు మీరే వెళ్లి చెప్పండి."

వెళ్లాడు. రొట్టెల ట్రేలు సర్దుతున్న డ్రైవరు అంతా విని, "ఆ రోజు చెయ్యి అంత నొప్పెడుతున్నా మేడం నన్ను ఎన్నిసార్లు క్షమించమని అడిగారో తెలుసా సార్? నాకే సిగ్గేసింది" అన్నాడు. చెంప మీద కొట్టినా ఆయన అంత బాధపడేవాడు కాదు.

కట్టు విప్పాక ఇద్దరూ కలిసి కొట్టుకు వెళ్లారు. ఆమె డిస్కులను వేలితో నిమిరి చూసింది, బ్రేకులత్తను ఓపిగ్గా అన్నీ అడిగింది, మామూలువే తీసుకుంది. ఆయన పెట్టెలు మోశాడు.

కొత్త బ్రేకులతో తొలి పొద్దున ఆమె పిలవకుండానే ఆయన పక్కసీట్లో కూర్చున్నాడు. వాలు చివర ఆమె పాదం ఆనించగానే బండి కూడలి దగ్గరి తెల్లగీతకు బారెడు ముందే ఆగింది. ఆయన ఊపిరి పీల్చుకుని ఏదో అనబోయాడు.

"మీరిక్కడ దిగి నడిచి వెళ్లండి. నాకు డ్యూటీకి టైమవుతోంది" అంది ఆమె, ముందుకే చూస్తూ.

ఆయన దిగి, తలుపు మెల్లగా వేశాడు.