ఎక్స్‌పోర్ట్ అయ్యేలోగా

ఆ ఇంటి నవ్వులన్నీ చిన్నకోడలి చేతి మీదుగానే లోకానికి వెళ్తాయి. అత్తగారు ఉప్పు బదులు పంచదార వేయడం, పెద్దకోడలు అలగడం, మొగుడు బతిమాలడం, చివర్లో అందరూ విరగబడి నవ్వడం. రోజుకో వీడియో. ఫోనుతో తీసేది ఆమె భర్త, తీయించేది బావగారు. ఆయన్ని ఇంట్లోవాళ్ళు డైరెక్టరనే పిలుస్తారు, ఆయనా కాదనడు. కత్తిరించి, అతికించి, ఆన్‌లైన్‌లో ఎక్కించే చాకిరీ చిన్నకోడలిది. కెమెరా ముందు అందరికంటే గట్టిగా నవ్వాల్సిందీ ఆమే.

ఆ రోజు ఆమెకు కాస్త తీరిక కావాలి. ఊళ్ళో ఒక స్టూడియోవాళ్ళు ఎడిటర్ల కోసం వెతుకుతున్నారు. పనితనం చూపించే చిన్న వీడియో ఒకటి సాయంత్రం ఐదులోగా పంపాలి. ఉద్యోగం దొరికితే రోజూ పొద్దున్నే ఈ గడప దాటొచ్చు. ఆమె ఆశపడింది జీతానికి కాదు, ఆ గడప దాటడానికి. వీడియో సిద్ధంగానే ఉంది, ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలుగా బయటికి తీయడమే తరువాయి. కానీ ఇంట్లో కంప్యూటరు ఒకటే. వరసలో ముందున్నది ఇంటి వీడియో.

ఇంటి వీడియో అంటే ఫోర్ కేలోనే ఉండాలి. అది డైరెక్టరుగారి శాసనం. తీసేదేమో ఫుల్ హెచ్‌డీ దాటని పాత ఫోనులో. "చిన్నగా తీసినదాన్ని పెద్ద సైజులో బయటికి తీస్తే బొమ్మ బాగుపడదు బావగారూ, ఫైలు బలుస్తుందంతే" అని ఆమె ఎన్నోసార్లు చెప్పి చూసింది. గ్లాసుడు పాలు బిందెలో పోసినా గ్లాసుడే కదా. "పెద్దది ఉండగా చిన్నది ఎందుకు నొక్కడం?" అనేవాడాయన. ఆ మాటకు తిరుగులేదు, ఎందుకంటే అందులో అర్థం లేదు. ముసలి కంప్యూటరు మధ్యాహ్నమంతా మూలుగుతూ ఆ ఒక్క ఫైలునే కనేది.

ఆ రోజు ఆమె గది తలుపు దగ్గరగా వేసి ఫుల్ హెచ్‌డీ నొక్కింది. ఫైలు బరువు పెంచే బిట్‌రేటును సగానికి సగం తగ్గించింది. దొంగతనం చేసేవాళ్ళకు కూడా గుండె అంతగా కొట్టుకోదు. కాసేపట్లోనే ఫైలు బయటికొచ్చింది. వేసి చూస్తే వీసమెత్తు తేడా లేదు. దాన్ని ఎక్కించేసి తన వీడియో తెరిచింది. సైజు ఎంచుకుంది, నాణ్యత ఎంచుకుంది. ఇక మీట నొక్కడమే.

అంతలో తలుపు తెరుచుకుంది.

"అప్పుడే అయిపోయిందా!" అంటూ డైరెక్టరు ఫోనులో వీడియో చూసుకుంటూ వచ్చాడు. "నిక్షేపంలా ఉంది! నీ చేతిలో ఏదో మహిమ ఉందమ్మా. ఇంత తొందరగా అయిపోతే ఇక రోజుకు రెండు తీయొచ్చు. లే, లే, అందరూ హాల్లో రెడీగా ఉన్నారు."

"ఒక్క ఐదు నిమిషాలు బావగారూ..."

"వెలుతురు పోతుందమ్మా. వచ్చి చేసుకుందువుగాని."

ఆయన కుర్చీ వెనకే నిలబడ్డాడు. ఇప్పుడు మీట నొక్కితే ఇదేంటంటాడు. చెబితే అత్తగారి దాకా వెళ్తుంది, అక్కడితో స్టూడియో కథ కంచికే. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఈ పిచ్చిది తవ్వింది దారి, పడింది మాత్రం గోతిలోనే. ఆమె తన వీడియోను మూలకు తోసి లేచింది.

హాల్లో అత్తగారు అప్పటికే కోపంగా ముఖం పెట్టుకుని కూర్చున్నారు. టీవీ రిమోట్ దాచేసిన కథ. చిన్నకోడలు పగలబడి నవ్వాలి. ఆమె నవ్వింది.

"చాల్లేదమ్మా, ఇంకోసారి."

మళ్ళీ నవ్వింది.

"కళ్ళల్లో రావట్లేదు. ఇంకోసారి."

గడియారం ఐదుకు దగ్గరపడుతోంది. భర్త ఫోను ఎత్తి పట్టుకున్నాడు. ఆమె నోరు తెరిచింది, నవ్వు రాలేదు.

"నా వల్ల కాదు బావగారూ. నాకీ ఇంట్లో ఊపిరాడట్లేదు. మీ ఎవరి మీదా నాకు కోపం లేదు. నన్ను కాస్త బయటికెళ్ళనివ్వండి, చాలు."

కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. పెద్దకోడలు చప్పట్లు కొట్టింది.

"అమ్మో, నా కడుపు తరుక్కుపోయిందే!" అన్నారు అత్తగారు.

"ఇదీ నటనంటే!" డైరెక్టరు ఎగిరి గంతేశాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా ఇదంతా? దీన్ని వీడియోలో మొట్టమొదట పెట్టు."

ఆమె గదిలోకి పరుగెత్తింది. ఐదు దాటిపోయింది. స్టూడియోవాళ్ళ పేజీ గడువు ముగిసిందని మర్యాదగా చెప్పింది. గట్టిగా ఏడవాలనిపించింది, కానీ ఉన్న కన్నీళ్ళన్నీ హాల్లోనే ఖర్చయిపోయాయి.

భర్త వచ్చి తలుపు వేసి, పక్కన కూర్చున్నాడు.

"నువ్వు నటించలేదు కదూ?"

"లేదు."

అతని ముఖం పాలిపోయింది. బొటనవేలితో ఫోను అద్దం తుడిచాడు.

"నాకు అప్పుడే తెలిసిపోయింది. చెయ్యి వణికిపోయింది," అన్నాడు గొంతు తగ్గించి. "బొమ్మంతా మసకమసకగా పడింది. అన్నయ్య చూడకముందే... ఇంకొక్కసారి అనగలవా?"