నా గొంతు మింగిన సీడీ

“దీపాలెట్టే ఏళ చావు పాటలేటే? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నీకేటైనా అయితే నేనేటైపోవాల?”

వకుళమ్మ ఈ మాట అనేసరికి కూతురు నీలవేణి ఇంకా గొంతు విప్పనేలేదు. నా మీద చెయ్యి మాత్రం వేసింది.

నేను ఒక హార్మోనియం పెట్టెను. టేకు చెక్క, ఇత్తడి రీడ్లు, తోలు తిత్తి. నన్ను చేయించుకున్న అప్పలాచారి విజయనగరం చుట్టుపక్కల నాటకం ఆడిన ప్రతిచోటికీ నన్ను మోసుకు తిరిగాడు. చేతులు వణకడం మొదలయ్యాక, శ్రుతి తప్పని నటి అని వకుళమ్మకు ఇచ్చేశాడు. ఆమె వేషాలు మానేశాక కూతురి పాలబడ్డాను. ఎవరి చేతికి పోతావని మమ్మల్ని అడిగేవాళ్ళెవరు?

నీలవేణి పాటల తీరు వేరు. ముఖానికి తెల్లరంగు, పెదాలకు నలుపు పూసుకుని, పాడె మీంచి లేచి పెళ్ళివారిని వెక్కిరించే పెళ్ళికూతురిలా ఒంటరిగా పాడుతుంది. దాన్ని క్యాబరే అంటారని తెలిసిన రోజు వకుళమ్మకు అన్నం సయించలేదు. అయినా ఆ పిల్ల ఇంట్లోనే మైకు పెట్టి నాలుగు పాటలు రికార్డు చేసింది. చావు మాట వచ్చినప్పుడల్లా గుమ్మంలో కూర్చున్న తల్లి, నాటకాలవాళ్ళ అలవాటు కొద్దీ, “అమంగళం ప్రతిహతమగుగాక” అని గొణిగేది. నీలవేణి వాయించే ఊపుకు తిత్తి ఎక్కడ చిరుగుతుందోనని నా గుండె దడ నాది.

తీరా అరచెయ్యంత సీడీ వచ్చింది. దాని కడుపులో ఉన్నది నా గొంతే. ముద్దులు మాత్రం దానికి, పట్టుగుడ్డ దానికి. నన్ను మంచం కిందికి తోశారు. అక్కడ ఎలుకలుంటాయే అని ఒక్కరికీ తట్టలేదు. పోనీ, విన్న స్నేహితులైనా నా ఊసెత్తారా? వెనకాల గొణిగే ఆ మనిషెవరు, ఒళ్ళు జలదరిస్తోంది అన్నారు. నాలుగు పాటలూ ఊపిరి తెగేలా మోగింది నేను, పేరు గొణుగుడికి! కుళ్ళుకోక ఏం చేయను?

ఇంతలో విశాఖలో పాడమని పిలుపొచ్చింది. పెట్టె బరువు, సీడీ వేసుకుని పాడతానంది నీలవేణి. అమ్మ సరేనంటేనే వెళ్తానని కూడా అంది. వకుళమ్మ వద్దనాలని నేను ఎందరు దేవుళ్ళకు మొక్కానో. పెద్ద స్టేజీ ఎక్కితే ఆ బిళ్ళ ఇక దిగుతుందా? నేను పాత సామాన్లవాడి తోపుడుబండి ఎక్కాల్సిందే.

వకుళమ్మ మొదటిసారి సీడీ వింది. తన గొంతే వినిపించేసరికి చేతిలో చాట జారిపోయింది.

“ఇది తీసీలేదేటే?”

“నువ్వలా అంటన్నావని ధైర్యంగా పాడేనమ్మా. అది తీసీస్తే పాటే లేదు.” చాట అందిస్తూ అడిగింది. “ఎల్లమంటావా, మానీమంటావా?”

తల్లి చాట అందుకుంది. నాలుగో పాట అయిపోయింది. నేల మీద పడ్డ బియ్యం ఎత్తింది, మెరిగలేరింది. నీలవేణి గోడకు చేరగిలబడి చూస్తూనే ఉంది. చివరికి వకుళమ్మ చాట పక్కన పెట్టింది.

“సీడీలో అన్నది ఆ రోజుకే. నువ్వు పాడినప్పుడల్లా మల్లీ అనాల గదా. స్టేజీ మీద నన్నెక్కడ కూకోమంటావు, పెట్టె పక్కనా?”