నువ్వు నిలబడ్డ చోటే

“టీలో అల్లం దండిగా దంచెయ్యి. ఆఫీసరమ్మ నిన్నేమన్నా అడిగితే ‘మావారు చెప్పిందేనండీ’ అను. అంతకుమించి నోరు తెరవమాక,” అన్నాడు మా ఆయన, అద్దంలో మీసం సర్దుకుంటూ.

తెల్లవారకముందే మిరప కోతకు వెళ్లి, ఎండెక్కేసరికి ఇంటికొచ్చి, మీటింగుకొచ్చే ఊరందరికీ సరిపడా టీ కాస్తున్నాను. కూలికొచ్చిన వాళ్లకు కూలి ఉంటుంది. నాకు సొంత పొలమనే గౌరవం ఉంటుంది. గౌరవాన్ని పొయ్యిలో పెడితే మండదు, రోట్లో నూరితే పచ్చడి కాదు. అయినా ఇన్నేళ్లూ దాంతోనే కాపురం చేశాను.

గుంటూరు పాకి పాకి మా పొలిమేర దాకా వచ్చింది. మా మామయ్య బుల్లయ్య గారి మాటల్లో అయితే, ఆయన సాయంత్రం చేలో గొంగళి పరుచుకుని పడుకుంటే, పొద్దున లేచేసరికి ఎవరో దాని మీద ప్లాటు నంబరు రాసి వెళ్లారట. మామయ్య నోట్లోంచి నిజం వచ్చిందంటే అది దారి తప్పి వచ్చిందని ఊరంతా నవ్వుతుంది. మా మిరప ఘాటుకు తెనాలి పాసింజరు రైలు తుమ్మి, ఒక పెట్టె పొడుగున వెనక్కి జరిగిందని ఈనాటికీ చెబుతారాయన.

ఇప్పుడు నగరం ఇష్టమొచ్చినట్టు పెరగకుండా గీత గీస్తున్నారట. గీతకు ఇవతల ఇళ్లు, అవతల పంటలు. మా చేను సరిగ్గా గీత మీద పడింది. ఎటు కలపాలో అడగడానికే ఆఫీసరమ్మ వస్తోంది. ఇళ్ల వైపు పడితే మా ఆయన దశ తిరుగుతుంది. ఆయన అప్పుడే కలలో కారు కొని, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, తలుపు గట్టిగా వేశానని తిట్టాడు కూడా.

ఆ చేలో నా మొదటి బిడ్డ ఉంది.

పేరు పెట్టకముందే పోయింది. మా వైపు పసిగుడ్లని కాల్చరు, సొంత చేలోనే పూడుస్తారు. వాన కురుస్తుండగా మా ఆయనా మామయ్యా గుడ్డలో చుట్టి తీసుకెళ్లారు. నేను లేవబోతే మా అత్తయ్య బసవమ్మ భుజం పట్టి మంచానికి అదిమింది. “పురిటాలు గడప దాటకూడదే. ఎక్కడ పెట్టారో అడగనూ కూడదు. గుర్తు తెలిస్తే పేగు అటే లాగుద్ది, మళ్లీ కడుపు పండదు,” అంది. రాయి పాతలేదు. పాలు మాత్రం ఎవరూ వద్దని చెప్పకపోవడంతో వచ్చేశాయి. రవిక తడుస్తుంటే కొంగు కప్పుకుని మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. తర్వాత ఇద్దరు పుట్టారు. పిల్లలెందరని అడిగితే మా ఆయన ఇద్దరనే చెబుతాడు. ఆ మాట దగ్గర ప్రతిసారీ నేను కొంగు చాటున మూడో వేలు మడుస్తాను. ఒకసారి ఆయన్నే అడిగాను, ఎక్కడ పెట్టారని. “గట్టు పక్కన ఎక్కడో. ఇప్పుడెందుకే అవన్నీ? కూరలో ఉప్పు చూసుకో,” అన్నాడు.

మిరప చేలో ఒక సుఖం ఉంది. ఏడిస్తే ఎందుకని ఎవరూ అడగరు, ఘాటనుకుంటారు. కాకపోతే కోసిన చేత్తో కళ్లు తుడుచుకోకూడదు. కారినంతసేపు కారనివ్వాలి. మొదటి ఏడాది సాలు చివర కూలబడి అలా కారనిస్తుంటే మామయ్య మంచినీళ్లతో వచ్చారు. “ఇక్కడే అమ్మాయ్, నీ కాలి దగ్గరే. చూడు, ఈ మొక్క ఎట్లా విరగకాసిందో,” అన్నారు. మరుసటి ఏడు వేపచెట్టు కింద కనబడితే, “ఈ వేప మొదట్లోనే,” అన్నారు. ఆ తర్వాత బోరు దగ్గర. నాకు ఒళ్లు మండింది.

“పిల్ల విషయంలో కూడా కోతలేనా మామయ్యా?”

“భూమిలో పిల్లలు ఒక చోట కుదురుగా ఉంటారా అమ్మాయ్? ఆడుకుంటా తిరగరూ?” అని నవ్వి, నీళ్ల చెంబు అక్కడే మర్చిపోయి వెళ్లిపోయారు.

మీటింగు బడి ఆవరణలో పెట్టారు. గోడకు పెద్ద మ్యాపు. ఆఫీసరమ్మ పేరు మహిమ గారు, వయసులో నాకంటే చిన్న.

“ఊరు గుమ్మడిపాదులాగా ఎటుబడితే అటు పాకితే నీళ్లూ, రోడ్లూ, తిండీ ఎవరికీ చాలవండి. అందుకే ముందే అనుకుంటున్నాం. ఇంట్లో ఏ ఒక్కరికి అభ్యంతరం ఉన్నా చెప్పండి, రాసుకుంటాం.”

“మా ఇంట్లో అందరిదీ ఒకటే మాటండీ, ఇళ్ల వైపే,” అన్నాడు మా ఆయన.

ఆవిడ నా దగ్గర టీ అందుకుంటూ, “మీరేమంటారండీ?” అంది.

“దాన్నడుగుతారేంటి మేడమ్! టీ అయితే బ్రహ్మాండంగా పెట్టుద్ది.”

అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వబోయాను. పెదవులు కదల్లేదు.

“బిడ్డను పూడ్చిన చోట ఇళ్లు కడతారా అండీ?” అన్నాను.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. “కట్టనివ్వమండి. ఎక్కడో వేలు పెట్టి చూపించండి, ఆ చోటు వదిలేయిస్తాను.”

ట్రే కింద పెట్టి మ్యాపు దగ్గరికి వెళ్లాను. అందులో మా చేను అరచెయ్యంత ఉంది. వేలు ఎత్తాను గానీ ఎక్కడ దించాలో తెలియలేదు.

“మామయ్యా, ఈ ఒక్కసారికి నిజం చెప్పండి. ఎక్కడ పెట్టారు?”

బుల్లయ్య గారు లేచారంటే కథ వస్తుందని జనం ముందుకు వంగారు. ఆయన కండువా నలుపుకుంటూ నిలబడ్డారు.

“ఆ వానకి గట్టూ చేనూ ఒకటైపోయినై అమ్మాయ్. తర్వాత ఎంత ఎతికినా ఆనవాలు దొరకలా. నువ్వేమో ఏడాదేడాదీ ఏడుస్తా కూర్చుంటివి. నువ్వెక్కడ కూర్చుంటే అక్కడేనన్నా. ఇంకేం చెప్పను?”

ఇన్నేళ్లలో ఆ చేలో నేను కూర్చుని ఏడవని చోటు లేదు.

“ఏమే, పరువు తీస్తన్నావు. వేలన్నా పెట్టు, పక్కకన్నా రా,” అన్నాడు మా ఆయన.

అయిదు వేళ్లూ చాచి అరచెయ్యి మొత్తం మా చేను మీద ఆనించాను.

“ఇదండీ ఆ చోటు. దీన్ని పంట వైపే ఉండనివ్వండి. ఇళ్లకు నేను ఒప్పుకోలేదని రాసుకోండి.”

“చెయ్యి తియ్యవే!”

కళ్లు కారుతున్నాయి. పొద్దున కోసిన మిరప ఘాటు చేతికి ఇంకా ఉంది. కళ్లు తుడుచుకోలేదు. చెయ్యీ తియ్యలేదు.