కుట్టు పక్కన గీత

ఆ ఇంట్లో అన్నం తినే బల్ల, గుడ్డ కత్తిరించే బల్ల ఒకటే. పూటపూటకీ గుడ్డలు, కత్తెర, సుద్దముక్క తీసి పక్కన పెట్టి, బల్ల తుడిచి, రెండు కంచాలు పెడుతుంది టైలరమ్మ. ఒకటి తనకు, ఒకటి పదమూడేళ్ళ కూతురికి. భర్త లారీ డ్రైవరు. అతని కంచం చాలా రోజులు అలమారలోనే ఉంటుంది.

పిల్ల తిండి మానేసి ఏడాది కావస్తోంది. మొదట్లో అది జబ్బని ఎవరూ అనుకోలేదు. పెంకితనం అన్నారు, ఆ వయసే అంత అన్నారు. లావెక్కిపోతున్నానని ఒక ముద్ద తగ్గించింది, తర్వాత ఒక పూట తగ్గించింది. చివరికి బడి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో పెట్టారు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని డాక్టరు చెప్పిన రోజు టైలరమ్మకు అది పెంకితనం కాదని తెలిసింది.

ఇంటికి పంపేటప్పుడు క్లినిక్కు కౌన్సెలర్ నియమాలన్నీ చెప్పింది. పిల్ల తినేటప్పుడు తల్లి ఎదురుగా కూర్చుని తనూ తినాలి. బతిమాలకూడదు, బెదిరించకూడదు, పొగడకూడదు. తిండి గురించి తప్ప ఏమైనా మాట్లాడొచ్చు. కంచం ఖాళీ అయ్యాక కూడా కాసేపు పక్కనే ఉండాలి. చెప్పడానికేం, ఎన్నయినా చెప్పొచ్చు. చల్లారిపోతున్న కోడిగుడ్డు వైపు చూడకుండా, ఈసారి వానలు బాగా పడుతున్నాయి కదూ అనడం ఎంత కష్టమో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. పైగా టైలరమ్మకు మాట్లాడటం అసలే రాదు. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని బతికిన మనిషి, మాటలు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

తండ్రి ఆ పిల్లను పుట్టినప్పటి నుంచీ ‘బంతీ’ అని పిలిచేవాడు, గుండ్రంగా ఉండేదని. ఆ పిలుపు మానేయమంది కౌన్సెలర్. మానేశాడు గాని దాని బదులు ఏమని పిలవాలో అతనికి తోచలేదు. ఫోనులో “అదీ... ఎలా ఉంది?” అంటాడు పాపం.

“తింటోంది,” అంటుంది టైలరమ్మ.

“తింటుందిలే. నువ్వు అనవసరంగా కంగారు పడకు. మా అమ్మ అయితే రెండు తగిలించి తినిపించేది.”

“మీరు వచ్చి తగిలించండి మరి,” అని ఫోను పెట్టేస్తుంది.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు ఇంకో రకం. ఒకావిడ కొలతలు ఇస్తూ, గదిలోంచి వచ్చిన పిల్లను చూసి, “మీ అమ్మాయి ఎంత నాజూగ్గా ఉందండీ! ఏం పెడుతున్నారో మాకూ చెప్పకూడదూ?” అంది. అప్పుడు ఆవిడ నడుము చుట్టూ టేపు ఉంది. కాస్త గట్టిగా బిగించి ఉంటే పీడా పోయేది. టైలరమ్మ బిగించలేదు. ఆవిడ వెళ్ళాక మెషిను తొక్కుతూ ఏడ్చింది. ఆ చప్పుడులో ఏడిస్తే పక్క గదిలోకి వినబడదు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఆమెకు తల్లి లేదు, అక్కాచెల్లెళ్ళు లేరు.

అయినా మెల్లగా ముద్దలు పెరిగాయి. పిల్ల ఒక్క పూట బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. క్లినిక్కులో బరువు చూసేటప్పుడు అంకె కనబడకుండా వెనక్కి తిప్పి నిలబెట్టేవాళ్ళు. అంకె తెలియకపోతే ఏం, ఒంటికి తెలుస్తుంది కదా. ఒక పొద్దున యూనిఫాం గౌను వేసుకుంటూ నడుము దగ్గర వేలు దూర్చి చూసుకుంది. వేలు దూరలేదు. ఆ పూట కంచం అలాగే ఉండిపోయింది. ఆ తర్వాతి పూట కూడా.

ఇంకో తల్లి అయితే కౌన్సెలర్‌కు ఫోను చేసేది. ఈమె టైలరు. బట్ట బిగుతయిందంటే ఆమెకు తెలిసిన వైద్యం ఒకటే. మధ్యాహ్నం పిల్ల కునుకు తీస్తుండగా గౌను తిరగేసి, పక్క కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి కొంచెం బయటికి జరిపి, మళ్ళీ కుట్టేసి, ఇస్త్రీ చేసి, ఎక్కడ ఉన్నది అక్కడ తగిలించింది.

మర్నాడు గౌను చక్కగా పట్టింది. పిల్ల మొహం తేటపడింది, కంచం ఖాళీ అయింది. టైలరమ్మకు ప్రాణం లేచి వచ్చింది. ఇక ఆగుతుందా? పిల్ల కాస్త ఒళ్ళు చేసినప్పుడల్లా అలమారలోని బట్టలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వదులయ్యాయి. క్లినిక్కులో అందరూ సంతోషించారు. ఆమె మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. భర్తకు అసలు చెప్పలేదు, అతని నోట్లో నువ్వుగింజ నానదు. తన కూతురు బాగుపడుతున్నందుకు ఒక్కతే లోలోపల మురిసిపోయింది, ఒక్కతే భయపడింది.

ఎండకీ ఉతుకులకీ గుడ్డ పైన రంగు వెలిసిపోతుంది. లోపల మడిచిన చోట కొత్తగానే ఉంటుంది. కుట్టు జరిపితే ఆ కొత్త రంగు సన్నటి గీతలాగా బయటపడుతుంది. టైలరమ్మకు తెలియనిదా ఇది? సబ్బు నీళ్ళతో రుద్దింది, ఎండలో ఆరేసింది, ఎవరు చూడొచ్చారులే అని సరిపెట్టుకుంది. చూసింది టైలరు కూతురు.

గౌను తెచ్చి బల్ల మీద, కంచాల మధ్య పడేసింది.

“ఈ గీత ఏంటి?”

టైలరమ్మ గౌను మడతపెట్టబోయింది.

“విప్పావు కదూ? అన్నీ విప్పావు. ఇప్పుడే చూశా.”

“నీ మంచికేనే...”

“గౌను సరిపోతోంది, నేను అంతే ఉన్నాను అనుకుని తిన్నా. రోజూ అదే ధైర్యంతో తిన్నా.” పిల్ల గౌను లాక్కుంది. “క్లినిక్కు వాళ్ళు అంకె చెప్పరు. ‘మేం చెప్పం’ అని నా మొహం మీదే అన్నారు. నువ్వు అది కూడా అనలేదు.”

ఆ పూట నుంచి మళ్ళీ మొదటికొచ్చింది. అన్నం ముందు కూర్చోవడం, చెంచాతో అటూ ఇటూ జరపడం, లేచిపోవడం. టైలరమ్మ కుట్టిన బట్ట ఏదీ ఒంటి మీద వేసుకోనంది. తండ్రి పాత చొక్కాలు తొడుక్కుంది. వేసుకోవడానికి యూనిఫాం లేదు కాబట్టి బడీ లేదు.

క్లినిక్కులో బరువు తగ్గిందన్నారు. పిల్లను బయట కూర్చోబెట్టి కౌన్సెలర్ తల్లితో మాట్లాడింది. “వచ్చేసారికి ఇంకా తగ్గితే ఆసుపత్రిలో మంచం సిద్ధం చెయ్యాల్సిందేనమ్మా. మళ్ళీ గుండె దాకా రానివ్వలేం.”

టైలరమ్మ కుట్ల సంగతి మొత్తం చెప్పేసింది. తిట్లు పడతాయని తల వంచుకుని కూర్చుంది. ఆ కౌన్సెలర్ తిట్టలేదు. తిడితే కాస్త తేలికపడేది.

“జబ్బు ఆ పిల్లకు రోజంతా అబద్ధాలే చెప్తుంది,” అంది కౌన్సెలర్. “మీరు నిజం చెప్పండి. కోపం తెచ్చుకుంటుంది. తెచ్చుకోనివ్వండి.”

ఇంటికి వచ్చి టైలరమ్మ బల్ల తుడిచింది, కంచాలు పెట్టింది. కూతురి మొహంలోకి చూస్తూ, నోట్లో ఒక్క సూది కూడా లేకుండా, మాట్లాడింది.

“నువ్వు పెరిగావు. బట్టలు విప్పి కుట్టింది నేనే. ఒక్కసారి కాదు. బిగుతయ్యాయని తెలిస్తే తిండి మానేస్తావని భయమేసి దాచాను. ఇంకెప్పుడూ దాచను. తింటే ఇంకా పెరుగుతావు, ఇప్పుడున్న బట్టలు పట్టవు. పట్టకపోతే పట్టలేదనే చెప్తాను.”

“నువ్వంటే నాకు అసహ్యం.”

“సరే.”

“తిన్నా నీకోసం కాదు.”

“నాకోసం వద్దు.”

పిల్ల లేచింది. వెళ్ళిపోతుందనుకుంది టైలరమ్మ. వెళ్ళలేదు. కుర్చీని గోడవైపు తిప్పుకుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, తల్లికి వీపు చూపిస్తూ కూర్చుంది. చెంచా కంచానికి తగిలిన చప్పుడు వినబడింది. చాలాసేపటికి మళ్ళీ వినబడింది. సగం తిని లేచింది.

ఈసారి క్లినిక్కులో చూస్తే బరువు తగ్గలేదు. పెరగనూ లేదు. ఆసుపత్రి మంచం ప్రస్తుతానికి తప్పింది, తర్వాతి వారం సంగతి తర్వాత చూద్దామన్నారు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో తిండి అలాగే జరిగింది. పిల్ల గోడవైపు, తల్లి పిల్ల వీపు వైపు. నియమం ప్రకారం ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి టైలరమ్మ మాట్లాడేది. ఎవరో గుండీలు తప్పు రంగువి తెచ్చారని, మెషిను బెల్టు తెగిందని, ఎదురింటి పిల్లి మేడ మీద ఇరుక్కుందని. మాటలు రాని మనిషి ఎన్ని కబుర్లు చెప్పిందో! ఒక్కదానికీ ఊఁ అన్న జవాబు లేదు. తన అన్నం ఎలాగో మింగి, ఆ వీపు మీద చొక్కా లోంచి పొడుచుకొచ్చిన ఎముకలు చూస్తూ, ఈ పిల్ల బతికి తనతో జన్మలో మాట్లాడకపోయినా ఒప్పుకుంటాను అనుకునేది. ఆ బేరం ఎవరితో చెయ్యాలో మాత్రం ఆమెకు తెలియలేదు. కంచం రోజురోజుకూ కాస్త కాస్తగా ఖాళీ అవుతూ వచ్చింది.

లారీ ఇంటికి వచ్చిన రోజు తండ్రి ఆ కుర్చీ, ఆ గోడ చూశాడు. రెండు తగిలించాలన్నట్టు మాట్లాడిన పెద్దమనిషి కూతురి ఎదుట బిక్కమొహం వేశాడు. కాసేపటికి, “నాన్నా, నన్ను బజారుకు తీసుకెళ్ళు,” అని పిల్లే అడిగింది. ఇద్దరూ వెళ్ళారు. టైలరమ్మను రమ్మని ఎవరూ అనలేదు. ఆమె మెషిను ముందు కూర్చుంది గాని ఒక్క కుట్టూ వెయ్యలేదు.

తిరిగి వచ్చేసరికి పిల్ల ఒంటి మీద కొత్త గౌను ఉంది. బడి యూనిఫాం, రెడీమేడ్. ఆ పిల్ల పుట్టాక కొన్న బట్ట వేసుకోవడం అదే మొదలు. భుజం కుట్టు జారి చేతి మీదికి వచ్చింది, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి, నడుము సంచీలాగా ఉంది. కుట్టినవాడెవడో గాని చేతులు విరగ్గొట్టాలి. టైలరమ్మ చెయ్యి అలవాటు కొద్దీ ఆ భుజం దాకా వెళ్ళింది.

“ముట్టుకోకు,” అంది పిల్ల.

“ముట్టుకోను.”

“లూజుగా ఉందని నాకూ తెలుసు.”

టైలరమ్మ నిజం చెప్పింది. “చాలా లూజుగా ఉంది.”

“సరిపోయేది కూడా ఉంది కొట్లో. వేసి చూశా. కావాలనే పెద్దది తీసుకున్నా.” పిల్ల గోడవైపు చూస్తూ అంది. “దీన్ని బిగించొద్దు, వదులు చెయ్యొద్దు. దీనికి సరిపడా నేనే పెరుగుతాను.”

తండ్రి గుమ్మం దగ్గర కళ్ళు తుడుచుకుంటున్నాడు. పిల్ల ఎప్పటిలాగే గోడవైపు తిప్పి ఉన్న కుర్చీలో కూర్చుని, “ఆకలేస్తోంది,” అంది. ఏడాదిలో ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. పొగడకూడదు, సంబరపడకూడదు. టైలరమ్మ అన్నం వడ్డించి కంచం చేతికి అందించి, తన చోటికి వచ్చి కూర్చుంది. ఎదురుగా ఆ వంకర గౌను, లోపల ఇంకా చాలా ఖాళీ. ఆ ఖాళీని చూస్తూ ఆమె తన ముద్ద నోట్లో పెట్టుకుంది.