సీమంతం చీర

మంగళగిరిలో నాంచారమ్మకు చీర అమ్మబోయి మెప్పించినవాడు లేడు. అంచు దగ్గర ఓ పోగు లాగి, అగ్గిపుల్ల గీసి వెలిగించేది. బూడిదైతే నూలు. నల్లగా ముద్దకట్టి గట్టిపడితే పాలిస్టర్. "పో నాయనా, నీ ప్లాస్టిక్కు నువ్వే కట్టుకో" అని పంపేసేది. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చున్న మనిషి మరి.

ఆ మగ్గం ఆగి మూడేళ్ళయింది. ఎక్కడో మరమగ్గం మీద దిగిన చీరలకు మంగళగిరి పేరు అంటించి సగం ధరకు అమ్ముతుంటే ఆవిడ చీర కొనేదెవరు? కొడుకు గోపాలకృష్ణ గుంటూరులో అలాంటి కొట్టులోనే సేల్స్‌మన్‌గా చేరాడు. ఇంట్లో మాత్రం చేనేత షోరూమని చెప్పాడు. ఇల్లు గడవాలి, కాదనను. కానీ పెళ్ళాం సీమంతానికి కూడా ఆ దొంగ సరుకే తేవాలా? వాడి పక్కింటిదాన్ని, ఆ ఒక్క పనికి వాణ్ణి ఇప్పటికీ క్షమించలేను.

నాంచారమ్మ చీర తడిమి చూసింది. "జారుతోందేందిరా?"

"పట్టు కలిపారమ్మా. ఇదిగో, చేనేత ముద్ర కూడా ఉంది."

ఆవిడ చెయ్యి అలవాటుగా అగ్గిపెట్టె మీదికి పోయి, ఆగిపోయింది. పసుపు పెట్టిన సీమంతం చీరకు నిప్పు చూపిస్తే అరిష్టమని వాళ్ళింట్లో పట్టింపు. గోపాలకృష్ణ హమ్మయ్య అనుకున్నాడు.

హారతి ఇస్తుండగా కోడలు హేమశ్రీ కొంగు పళ్ళెంలో పడింది. నూలైతే నలుగురం చేతులతో అణిచేసేవాళ్ళం. ఇది కరిగి కారింది. కారినచోటల్లా ఒంటికి అతుక్కుంది. నీళ్ళు పోసి లాగితే చీరతోపాటు తోలూ ఊడి వచ్చింది.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఏం చీర కట్టుకుంది?"

"నూలూ పట్టూనండీ. మా మంగళగిరి నేతే" అంది నాంచారమ్మ.

"కాదమ్మా. కరిగి కండలోకి దిగింది. కడుపులో బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేం."

లాగినప్పుడు చేతికొచ్చిన చీర ముక్క నాంచారమ్మ గుప్పిట్లోనే ఉంది. కాలిన అంచును వేళ్ళతో నలిపింది. నలగలేదు. కొడుకు వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

వాడు తల వంచుకున్నాడు.

"ఒక్క పోగు కాలిస్తే అరిష్టమని ఆగాన్రా" అని ఆవిడ గోడకు చేరగిలబడిపోయింది.

తలుపు వెనక నుంచి హేమశ్రీ గొంతు సన్నగా వినిపించింది. "అత్తయ్యా, ఆయన ముచ్చటపడి తెచ్చిన చీర పాడుచేశాను. కోప్పడొద్దని చెప్పండి."