పెంకు మీది వేలిగుంట

లెక్కల మాస్టారు వదిలివెళ్లిన సమీకరణాలను టీచరమ్మ బోర్డు మీంచి తుడుస్తోంది. ఆయన ఏనాడూ తుడిచి వెళ్లడు. ఆ సుద్దపొడి ఆమె ముక్కులోకి, పాపిట్లోకి చేరుతుంది. ఇంటికెళ్తే భర్త "ఏ శతాబ్దపు దుమ్మే అది?" అని నవ్వుతాడు.

ఆమె చెప్పేది ప్రపంచ మానవీయ శాస్త్రాలు. పేరు కొండంత, దక్కే పీరియడ్లు గోరంత. పుస్తకం నదుల ఒడ్డున మొదలై, రాజులు కాని మామూలు మనుషుల బతుకులతో ముగుస్తుంది. ఆ ఆఖరి పాఠం ఆమె ఏ తరగతికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాది, పరీక్షల ముందు లెక్కల మాస్టారు "ఒక్క పీరియడ్ సర్దండమ్మా" అంటే కాదనలేకపోయింది. ఆ తర్వాత ఆయన అడగడం మానేసి నేరుగా వచ్చేయడం మొదలుపెట్టాడు. పిల్లలు నగరాలు కట్టడం వరకే నేర్చుకుని వెళ్లిపోయేవారు. వాటిలో ఎవరు బతికారో వాళ్లకు తెలిసేది కాదు.

వచ్చే ఏడాది నుంచి ఆ సబ్జెక్టు ఉండదు. ఆమె కూడా ఉండదు. ఇదే చివరి పీరియడ్. అందుకే నిన్న స్టాఫ్ రూములో ఆయన ఎదుట నిలబడి, "రేపు మాత్రం నాకే కావాలండీ" అంది.

"అయ్యో, దానికేం భాగ్యం! మీదే కదమ్మా!" అన్నాడాయన.

టీచరమ్మ సంచిలోంచి గుడ్డమూట తీసి విప్పింది. ఎవరో పునాది తవ్వుతుంటే బయటపడ్డ పాత కుండపెంకు. అంచు దగ్గర, తడిమట్టి మీద ఎవరో బొటనవేలు నొక్కిన గుంట.

"మీ వేలు పెట్టి చూడండి."

ముందు బెంచీ పిల్ల పెట్టి చూసింది. "నా వేలే పెద్దగా ఉంది టీచర్! చిన్నపిల్లదేమో?"

"కావచ్చు. లేదా నాలాంటి పొట్టి మనిషిది."

తరగతి నవ్వింది. ఆ పిల్ల పెంకును బల్ల మీద పెడుతూ అడిగింది. "ఈ వేలు నొక్కినామె పేరేంటి టీచర్?"

ఆఖరి పాఠం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. టీచరమ్మ నోరు తెరిచింది.

అంతలో జవాబు పత్రాల కట్టతో లెక్కల మాస్టారు లోపలికి వచ్చాడు. "ఏమీ అనుకోకండమ్మా. మీది ఎలాగూ పరీక్షలో రాదు కదా. పెద్దమేడం సరే అన్నారు."

"నిన్న మీరు..."

"నిన్న సంగతి నిన్ననే చరిత్రలో కలిసిపోయిందమ్మా!"

తరగతి మళ్లీ నవ్వింది, ఇందాకటికంటే గట్టిగా. ముందు బెంచీ పిల్ల అప్పటికే లెక్కల పుస్తకం తెరిచేసింది.

టీచరమ్మ బోర్డు మీద మిగిలిన చార కూడా తుడిచి బయటికి నడిచింది. స్టాఫ్ రూములో సొరుగు ఖాళీ చేసుకుంది. కళ్లద్దాల పెట్టె, దగ్గు బిళ్లలు, సగం వాడిన సుద్దముక్క. సుద్దముక్కను తిరిగి సొరుగులోనే పెట్టేసింది.

మెట్ల దగ్గర సంచి తేలిగ్గా అనిపించి చెయ్యి పెట్టి చూస్తే పెంకు లేదు, దాన్ని కట్టిన ఉత్త గుడ్డే తగిలింది. వెనక్కి వెళ్లి తరగతి తలుపు పక్కన నిలబడింది. తలుపు తట్టడానికి చెయ్యెత్తింది. మాస్టారు గొంతు ఆగితే అడుగుదామనుకుంది. ఆ గొంతు ఆగలేదు. ఎత్తిన చెయ్యి దించుకుని గేటు వైపు నడిచింది.

"వెళ్లొస్తారా అమ్మా? రేపు వానట, గొడుగు తెచ్చుకోండి," అన్నాడు వాచ్‌మన్, గేటు మూస్తూ.

తరగతిలో ఫ్యాను గాలికి జవాబు పత్రాలు రెపరెపలాడుతున్నాయి. అవి ఎగిరిపోకుండా వాటి మీద పెంకు కూర్చుంది, వేలిగుంట నిండా సుద్దపొడితో.